ఆయాసం లేకపోయినా ఊదే పరీక్ష చేయించుకోండి, ‘టెన్షన్’ అంటే మాత్రం నమ్మకండి

మీరు అడిగింది ఇది: “నాకు స్క్లెరోడెర్మా అని తేలింది. చర్మం బిగుసుకుంది గానీ ఆయాసం లేదు. అయినా ఊపిరితిత్తులకు స్కాన్, ఊదే పరీక్ష రాశారు. అవసరమా? అసలు ఈ పరిశోధనల వల్ల పేషెంట్లకు ఒరిగేదేమైనా ఉందా?”

మొదటిదానికి జవాబు చిన్నది. అవసరమే, వాయిదా వేయకండి. రెండోదానికి ముందు నా సంగతి చెప్పాలి.

చర్మాన్నే కాదు, లోపలి అవయవాలనూ బిగుసుకుపోయేలా చేసే ఈ జబ్బు నాకు తొమ్మిదేళ్ల నుంచి ఉంది. చలికి వేళ్లు తెల్లగా పాలిపోయి, నీలంగా మారి, కాసేపటికి ఎర్రబడేవి. అలా మొదలైంది. తర్వాత ఉంగరం తీయడం కష్టమైంది. ఆ పైయేడు మూడో అంతస్తు ఎక్కేలోపు రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. దానికి తోడు పొడి దగ్గు. మొదట చూపించుకున్న డాక్టరు ఛాతీ ఎక్స్‌రే దీపానికి పెట్టి చూసి, “శుభ్రంగా ఉందమ్మా, టెన్షన్ తగ్గించుకోండి” అన్నారు. ఇంట్లోవాళ్లకు ఆ ఒక్క మాట దొరికితే చాలదూ! ఆర్నెల్లపాటు నేను దగ్గినప్పుడల్లా “మళ్లీ ఏం ఆలోచిస్తున్నావ్?” అన్నారు. ఈ జబ్బులో ఊపిరితిత్తులు మొదట్లో దెబ్బతింటే ఎక్స్‌రేలో కనపడకపోవచ్చని నాకప్పుడు తెలియదు. హెచ్‌ఆర్‌సీటీ అనే, మరింత వివరంగా చూపే సీటీ స్కాన్‌లోనే పట్టుబడుతుంది.

రెండో డాక్టరు వీపు కిందిభాగంలో స్టెత్ పెట్టి చాలాసేపు విన్నారు. చెప్పుల వెల్‌క్రో పట్టీ లాగితే వచ్చే చప్పుడులాంటిది వినిపిస్తోందని చెప్పి, అప్పటికప్పుడే పరీక్షకు పంపారు.

ఆ ఊదే పరీక్ష మాత్రం ఇప్పటికీ మర్చిపోలేను. గదిలో ఏసీ గుయ్‌మంటోంది. టెక్నీషియన్ కుర్రాడు గొట్టం చేతికిచ్చి, “పెదాలు గట్టిగా మూయండి మేడమ్” అన్నాడు. నా నోరు సరిగా తెరుచుకోదు, తెరుచుకున్నాక ఆ లావు గొట్టం చుట్టూ పెదాలు మూతపడవు. ఈ జబ్బున్న చాలామందికి అంతే. గాలంతా పక్కనుంచి పోతోంది. వాడేమో “ఊదండి, ఊదండి, ఇంకా, ఇంకా, ఇంకా!” అని అరుస్తున్నాడు. నాలుగోసారికి కళ్లు తిరిగాయి. రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం ఉందో వేలికి క్లిప్పు పెట్టి చూశాడు. 79. వాడి మొహంలో రక్తం లేదు. ఎవరో సిలిండరు కోసం పరుగెత్తారు. తలుపు దగ్గర నిలబడ్డ మా అన్నయ్య “ఏమైంది, ఏమైంది” అంటూ లోపలికి వచ్చేశాడు. అంతలో ఒక పెద్దావిడ, నర్సు, వచ్చి నా చెయ్యి పట్టుకుని, “ఈ వేళ్లలో రక్తమే ఆడటం లేదు, మిషన్ మాత్రం ఏం చూపిస్తుంది?” అంటూ చెవి తమ్మెకు పెట్టే క్లిప్పు తెచ్చింది. 96. అన్నయ్య అక్కడే కుర్చీలో కూలబడ్డాడు. తర్వాత ఆవిడే పిల్లలకు వాడే సన్న గొట్టం వెతికి తెచ్చి, “తొందరేం లేదు, నీకు వీలైనప్పుడు ఊదు తల్లీ” అంది. ఆ రోజు మొదటి సరైన రీడింగ్ అదే. ఊదగలిగే మొత్తం గాలి, అంటే ఎఫ్‌వీసీ, ఉండాల్సినదాంట్లో 68 శాతం. గాలి నుంచి రక్తంలోకి ఎంత చేరుతోందో చెప్పే డీఎల్‌సీఓ ఇంకా తక్కువ. స్కాన్‌లో రెండు ఊపిరితిత్తుల కిందిభాగం మసకబారి ఉంది. ఎస్‌సీఎల్-70 యాంటీబాడీ పాజిటివ్. అది ఉన్నవాళ్లకు ఊపిరితిత్తుల సమస్య వచ్చే అవకాశం ఎక్కువ. ఎంత టెన్షన్ పడితే స్కాన్ మసకబారుతుందో ఆ మొదటి డాక్టరు చెప్పాలి.

ఇక పరిశోధనల మాట. ఒకప్పుడు ఈ జబ్బులో ప్రాణం తీసేది ఎక్కువగా కిడ్నీలే. క్యాప్టోప్రిల్ లాంటి ఏసీఈ ఇన్హిబిటర్లు (ఒక రకం బీపీ మందులు) వచ్చాక ఆ గండం చాలావరకు తప్పింది, ప్రాణం తీసేవాటిలో ఊపిరితిత్తులు ముందుకొచ్చాయి. 2006లో వచ్చిన స్క్లెరోడెర్మా లంగ్ స్టడీలో 158 మందిని తీసుకుని సగం మందికి ఏడాదిపాటు రోగనిరోధక శక్తిని అణిచే సైక్లోఫాస్ఫమైడ్ మాత్రలిచ్చారు, మిగతా సగానికి ఉత్తుత్తి మాత్రలు. ఏడాది చివర ఎఫ్‌వీసీలో తేడా సుమారు రెండున్నర శాతం. మందు ఆపి ఇంకో ఏడాది గడిచేసరికి అదీ దాదాపు మాయం. 2016లో రెండో స్టడీ అలాంటిదే ఇంకో మందు మైకోఫినోలేట్‌ను దాంతో పోల్చి చూసింది. పనితనం దాదాపు సమానమే, కానీ మైకోఫినోలేట్‌ను శరీరం మెరుగ్గా తట్టుకుంది. నేను మింగుతున్నది అదే. కాబట్టి ఒరిగిందా అని నన్నడిగితే, రోజుకు రెండుపూటలా ఒరుగుతోందనే చెబుతాను.

ఊపిరితిత్తులు గట్టిపడే వేగాన్ని తగ్గించే నింటెడానిబ్ అనే మందు మీద 2019లో వచ్చిన సెన్సిస్ ట్రయల్ గురించి మీరు చదివే ఉంటారు. 576 మంది. ఏడాదిలో మందు వేసుకున్నవాళ్లకు ఎఫ్‌వీసీ సగటున 52 మిల్లీలీటర్లు తగ్గితే, వేసుకోనివాళ్లకు 93 తగ్గింది. తేడా 41, అంటే ఎనిమిది టీ చెంచాల గాలి. ఇంతేనా అని నవ్వకండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకే ఏటా పాతిక ముప్పై తగ్గుతుంది, అక్కడి నుంచి లెక్క వేసుకోండి. పోయింది తిరిగి రాదు, పోయే వేగమే తగ్గుతుంది. అందుకే ఆయాసం వచ్చేదాకా ఆగకూడదని నా గొడవ. విరేచనాలు మాత్రం నలుగురిలో ముగ్గురికి. పేషెంట్లు ఎలా ఉన్నామో నింపే ప్రశ్నాపత్రంలో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మందు పనిచేయలేదని కొందరు దీన్ని పట్టుకుంటారు. నేనైతే ప్రశ్నాపత్రాన్నే తప్పుపడతాను. ఎనిమిది చెంచాల గాలి మిగిలిందని మనిషికి ఎలా తెలుస్తుంది?

ప్రశ్నాపత్రాలంటే మా చెల్లెలు గుర్తొస్తుంది. ఏడో నెలలో దానికి బీపీ 150/96. గర్భిణుల్లో బీపీకీ ఆందోళనకూ ఉన్న సంబంధం మీద స్టడీ చేస్తున్నామని ఒకమ్మాయి వచ్చి, ఇప్పుడెలా ఉంది అని ఇరవై, మామూలుగా ఎలా ఉంటారు అని ఇరవై, మొత్తం నలభై ప్రశ్నలు చేతిలో పెట్టింది. బిడ్డకు ప్రమాదం ఉండొచ్చని డాక్టరు చెప్పి పది నిమిషాలు కాలేదు. ఆ క్షణాన దాని మనసు ప్రశాంతంగా ఎలా ఉంటుంది? బీపీ చూసి భయమా, భయం వల్ల బీపీనా అన్నది ఆ కాగితం ఎప్పటికీ తేల్చలేదు. గర్భిణుల ఆందోళన కొలవొద్దని నేననను, కొలవాల్సిందే. కానీ కొలిచాక కూర్చోబెట్టి మాట్లాడేవాళ్లు కూడా ఉండాలి కదా. రెండు వారాల తర్వాత దానికి తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు. అత్తగారు, ఆయన, చివరికి ఫోన్‌లో డ్యూటీలో ఉన్నావిడ కూడా ఒకే మాట: టెన్షన్ పడకు. ఎవరి మాటా వినకుండా తీసుకెళ్లాను. యూరిన్‌లో ప్రొటీన్ పోతోంది, అది ప్రీఎక్లాంప్సియా, అంటే గర్భిణులకు బీపీ పెరిగి ప్రమాదం తెచ్చే జబ్బు. దాని మూలం కడుపులో బిడ్డను పోషించే మాయలో (ప్లాసెంటాలో) ఉంటుంది, మనసులో కాదు. ముప్ఫై అయిదో వారంలో కాన్పు చేశారు. తల్లీబిడ్డా క్షేమం.

కొలిచి చూడకుండానే ఆడవాళ్లకు ముందుగా అతికించే జబ్బు టెన్షన్. మగవాళ్లు ఆయాసమంటే ఈసీజీ తీస్తారు.

సరే, మీ విషయానికి వస్తాను. పరీక్షకు వెళ్లేటప్పుడు గ్లవ్స్ వేసుకెళ్లండి, వేళ్లు వెచ్చగా ఉంచుకోండి. నోరు చిన్నగా తెరుచుకుంటుందని ముందే చెప్పండి. రిపోర్టులన్నీ దాచుకోండి. ఈ జబ్బులో ఒక్క రీడింగ్ కన్నా పోయినసారికీ ఈసారికీ మధ్య తేడా ముఖ్యం. గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు ఉంటే అదీ చెప్పండి. ఎవరో చెప్పారని ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఎక్కువ డోసులో సొంతంగా మింగకండి, మన జబ్బులో అది కిడ్నీల మీదికి తెస్తుంది.

నా తర్వాతి పరీక్ష వచ్చే నెలలో. చెవి క్లిప్పు ఉందో లేదో ఈసారి ముందే ఫోన్ చేసి కనుక్కుంటాను.