జర్మనీలో చదువుకు ఫీజెందుకు లేదు?

ప్రశ్న: మా అబ్బాయి జర్మనీలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్. చదువుతున్నాడు. సెమిస్టరుకొకసారి కట్టే కొద్దిపాటి రుసుము తప్ప ఫీజే లేదండీ. తమ పన్నుల డబ్బుతో పరాయి పిల్లలకు చదువు చెప్పించడం ఏమిటి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఉన్నత విద్య ఫలం చదివినవాడితో ఆగదని, సమాజమంతటికీ అందుతుందని అక్కడివారి నమ్మకం. 1810లో బెర్లిన్ విశ్వవిద్యాలయ స్థాపనకు పూనుకొన్న హంబోల్ట్ నాటి నుంచీ వేళ్లూనిన ఈ భావన ఎంత గట్టిదంటే, 2005లో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పుతో వీలు చిక్కిన కొన్ని రాష్ట్రాలు సెమిస్టరుకు సుమారు 500 యూరోల ఫీజు పెట్టినా జనం సహించలేదు. అన్నిటికన్నా చివరగా లోయర్ శాక్సనీ 2014లో దానిని ఎత్తివేసింది. ఇంగ్లండులోనేమో, పట్టభద్రుడు ఎక్కువ సంపాదిస్తాడు కనుక ఖర్చులో వాటా అతడే భరించాలన్న వాదన నెగ్గి, 1998లో 1,000 పౌండ్లున్న ఫీజు పరిమితి 2012కల్లా 9,000కు చేరింది. పక్కనున్న స్కాట్లండు మాత్రం తన విద్యార్థుల వద్ద ఫీజు తీసుకోదు. కాబట్టి ఇది ఖజానా బలానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు.

అయితే అంతా ఔదార్యమేననుకోకండి. చదువు ముగించి అక్కడే ఉద్యోగం చేసేవారు పన్నులూ కడతారు కదా! పైగా బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం 2017 నుంచి ఐరోపా సమాఖ్య వెలుపలి విద్యార్థుల వద్ద సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటోంది. మీ అబ్బాయి చదివేది అక్కడ కాదని ఊహిస్తున్నాను.