పది రోజుల్లో మేఘాలయ పోయి రావచ్చా?

ప్రయాణాల మీద పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: డిగ్రీ అయిపోయింది. డిసెంబరులో ఒక్కదాన్నే మేఘాలయ పోదామనుకుంటున్నాను. పది రోజులు, చేతిలో 15,000 రూపాయలు. రాను పోను రైలే. సరిపోతాయా? ఇంట్లో "ఒక్కదానివే ఎట్ల పోతవ్" అంటున్నారు. (పాఠకురాలు, మిర్యాలగూడ)

జవాబు: డబ్బు అటూఇటుగా సరిపోతుంది, రోజులే చాలవు. మీ ఊళ్లో ఆగే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌ను సాయంత్రం ఎక్కితే హౌరాలో దిగేది మరునాడు సాయంత్రమే. అక్కడి నుంచి గువాహటి ఇంకో వెయ్యి కిలోమీటర్లు. గువాహటి నుంచి షిల్లాంగ్ మరో వంద, ఘాట్ రోడ్డు మీద మూడు గంటలు. పోను మూడు రోజులు, రాను మూడు రోజులు తీసేయండి, చూడటానికి మిగిలేవి నాలుగు. ఇంత దూరం పోయి నాలుగు రోజులు ఉరుకులాడటం ఎందుకు? పదమూడు రోజులు పెట్టుకోండి.

నాలుగు స్లీపర్ టికెట్లూ కలిపి 3,000 లోపే అవుతాయి. బుకింగ్ 60 రోజుల ముందు తెరుస్తారు, ఆ రోజే తీసుకోండి. వెయిటింగ్ లిస్టు టికెట్‌తో ఇప్పుడు స్లీపర్ బోగీలో కూర్చోనివ్వరు. గువాహటి టికెట్ తీసేటప్పుడు ఫలక్‌నుమా పీఎన్‌ఆర్ నంబరును దానికి జత చేయండి. మొదటి బండి లేటై రెండోది తప్పిపోతే రద్దు ఛార్జీ లేకుండా డబ్బు వాపసొస్తుంది. కానీ వచ్చేది డబ్బే, సీటు కాదు. అందుకే హౌరాలో ఆ రాత్రి ఆగడమే మేలు. స్టేషన్ రిటైరింగ్ రూమ్‌ను అదే పీఎన్‌ఆర్‌తో ముందే బుక్ చేసుకోవచ్చు. సంచికి చిన్న తాళం ఉండాలి. తాళం లేని సామాను క్లోక్‌రూమ్‌లో తీసుకోరు.

రైలు ఖర్చు పోగా ఏడు రోజులకు పడక 800, తిండి 400 చొప్పున 8,400. షేర్ సుమోలకు 1,500. హౌరాలో రెండు రాత్రులకు 1,000. రైలు టికెట్లతో కలిపి మొత్తం 13,900. మిగిలిన పదకొండు వందలను నమ్ముకోవద్దు. బండి నిండక ఒక్కసారి సుమోను సొంతంగా మాట్లాడుకోవాల్సి వస్తే అవి అక్కడికక్కడే అయిపోతాయి. ఇంకో 2,000 అడిగి తీసుకుని, వేరే జేబులో పెట్టుకోండి.

ఇంట్లోవాళ్ల భయానికి సగం జవాబు గడియారంలో ఉంది. డిసెంబరులో షిల్లాంగ్‌లో నాలుగున్నరకే పొద్దు గూకుతుంది, మనకన్నా గంటకు పైగా ముందు. ఇక్కడి లెక్కన "అయిదింటికి చేరతాం" అనుకుంటే చీకట్లో దిగినట్టే. మధ్యాహ్నం దాటితే షేర్ సుమోలు కూడా పలచబడతాయి. కాబట్టి ఊరు మారే రోజున పొద్దున్నే బయల్దేరాలి. గువాహటిలో స్టేషన్ బయట పల్టన్ బజార్ దగ్గర షిల్లాంగ్ సుమోలుంటాయి. షిల్లాంగ్‌లో బడా బజార్ స్టాండ్ నుంచి సోహ్రా, అంటే మన చిరపుంజి, 50 కిలోమీటర్ల పైచిలుకు. ఆదివారం మాత్రం ప్రయాణం పెట్టుకోవద్దు. ఎక్కువమంది క్రైస్తవులు. చర్చి రోజున దుకాణాలు మూసేస్తారు, బండ్లు తగ్గుతాయి.

సోహ్రా దగ్గరి నోంగ్రియాట్ ఊళ్లో చెట్టు వేళ్ల వంతెన ఉంది. దానికి టిర్నా ఊరి నుంచి మూడు వేలకు పైగా మెట్లు దిగాలి. దిగడం సులువనిపిస్తుంది. పిక్కలు వణికేది మరునాడు ఎక్కేటప్పుడు. పెద్ద సంచిని సోహ్రాలో బస చేసిన చోట వదిలి, నాలుగు కిలోలకు మించకుండా మోయండి. పాకుడు రాళ్ల మీద నున్నటి అడుగున్న చెప్పులు, క్యాన్వాస్ బూట్లు జారతాయి, అడుగున లోతైన గాట్లున్న రబ్బరు బూట్లు కావాలి. పిల్లలమర్రి ఊడలు చూసిన కళ్లకు ఆ వంతెన తొందరగా అర్థమవుతుంది. అది రబ్బరు మర్రి. దాని ఊడలను వాగు మీదుగా అవతలి ఒడ్డుకు సాగదీసి పాతుకోనిస్తారు. మనుషుల బరువు మోసేంత గట్టిపడటానికి పదిహేనేళ్లకు పైనే పడుతుంది. డిసెంబరు ఎంచుకోవడం మంచి పని. 1995 జూన్ 16న సోహ్రాలో ఒక్క రోజులో 1,563 మిల్లీమీటర్ల వాన పడింది, నల్లగొండ జిల్లాకు దాదాపు రెండేళ్ల వాన.

ఖాసీలలో ఆస్తి చిన్న కూతురికి పోతుంది. బజారులో అంగళ్లు నడిపేదీ ఎక్కువగా ఆడవాళ్లే. దారి అడగాలన్నా, ఛార్జీ ఎంతో కనుక్కోవాలన్నా వాళ్లనే అడగండి. "ఖుబ్లేయ్" అంటే నమస్కారమూ అదే, థాంక్స్ కూడా అదే. ఇంటికి పోతే ముందు "క్వాయ్" ఇస్తారు: తమలపాకు, సున్నం, పచ్చి వక్క. మన ఎండు వక్కలా కాదు, అలవాటు లేనివాళ్లకు చెవులు వేడెక్కి, చెమటలు పట్టి తల తిరుగుతుంది. చిటికెడు చాలు, మెట్లెక్కే ముందు అసలే వద్దు. మేఘాలయకు పర్మిట్ అక్కర్లేదు. అక్కడి నుంచి నాగాలాండ్, అరుణాచల్, మిజోరం, మణిపూర్‌లలో దేనికి పోవాలన్నా ఇన్నర్ లైన్ పర్మిట్ (బయటివాళ్లకు ఆ రాష్ట్రం ఇచ్చే అనుమతి) తప్పనిసరి.

ప్రశ్న: జూలైలో ఒక్కడినే హిమాచల్‌లోని స్పితి లోయకు పోతున్నా. మనాలి నుంచి అక్కడి ప్రధాన ఊరు కాజాకు ఒక్క రోజే అంటున్నారు. సిమ్లా మీదుగా మూడు నాలుగు రోజులు. దగ్గరి దారే మంచిది కదా? (పాఠకుడు, వనపర్తి)

జవాబు: జేబుకు మంచిదే, తలకు కాదు. మన పాలమూరు 500 మీటర్ల ఎత్తు. మనాలి రెండు వేలు. అక్కడి నుంచి ఒక్క పగటిలో 4,500 మీటర్లు దాటిన కుంజుం కనుమ ఎక్కి, 3,600 పైన ఉన్న కాజాలో పడుకుంటారు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం అందుకే. సిమ్లా మీదుగా పోతే రికాంగ్ పియోలో 2,300 దగ్గర ఒక రాత్రి, 996లో కట్టిన మఠం ఉన్న తాబోలో 3,200 పైన రెండు రాత్రులు ఆగి, ఆ తర్వాత కాజా పోవచ్చు. అన్నిటికీ ప్రభుత్వ బస్సులున్నాయి. తిరుగు ప్రయాణం మనాలి వైపు పెట్టుకోండి, దిగడానికి తొందరైనా ఫర్వాలేదు.

ఎత్తు వల్ల వచ్చే ఈ జబ్బు రాకుండా ఎసిటజోలమైడ్ మాత్ర 125 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు వాడతారు, కానీ డాక్టర్ని అడిగే. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. మాత్ర వేసుకున్నా ఒక పరీక్ష చేసుకోవాలి: ఒక కాలి మడమకు ఇంకో కాలి బొటనవేలు ఆనిస్తూ గీత గీసినట్టు పది అడుగులు నడవండి. తూలితే, లేదా కూర్చున్నా ఆయాసం వస్తుంటే తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే కిందికి దిగాలి. పక్కన మనిషి ఉంటే "మాట తడబడుతోంది" అని చెబుతాడు. ఒంటరిగా ఉన్నవాళ్లకు ఆ దిక్కు లేదు. అందుకని చేరగానే హోమ్‌స్టే ఆవిడకు "పొద్దున ఏడింటికి తలుపు కొట్టండి" అని చెప్పి పడుకోండి.

ప్రశ్న: లేహ్‌లో మన సిమ్ పనిచేస్తుందా? (పాఠకుడు, నాగర్‌కర్నూల్)

జవాబు: ప్రీపెయిడ్ అయితే పనిచేయదు. జమ్మూ కశ్మీర్‌లో, లద్దాఖ్‌లో బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు నడవవు. ఉన్న నంబరునే పోస్ట్‌పెయిడ్‌కు మార్చుకోండి, బయల్దేరే ముందు రోజు కాదు, కనీసం వారం ముందు. టికెట్లు, బస చిరునామా కాగితం మీద ప్రింటు తీసుకోండి. సిగ్నల్ లేకపోతే ఫోన్‌లోని డబ్బూ లేనట్టే, మూడు రోజుల ఖర్చు నోట్లుగా దగ్గర ఉంచుకోండి.