రెండో కాన్పు రాత్రి పెద్దోడు ఎవరి దగ్గర ఉంటాడు?

చెల్లె, అమెరికాలో రెండో కాన్పు గురించి నువ్వు రాసిన ప్రశ్నల్లో మీది నర్సంపేట అని చూడగానే ముందు నీకే జవాబు రాద్దామనిపించింది. మాది హన్మకొండ, నయీంనగర్. డల్లాస్ వైపు వచ్చి స్థిరపడి చాలా ఏళ్లయింది. ఇద్దరు పిల్లలు, చిన్నది ఇక్కడే పుట్టింది.

ముప్పై మూడో వారం నడుస్తోందన్నావు. ఆస్పత్రి బ్యాగులో ఏం పెట్టుకోవాలి, పాలు తీసే పంపు ఏ కంపెనీది తీసుకోవాలి, డబుల్ స్ట్రోలర్ కొనాలా, ఇన్సూరెన్స్ కట్టేలోపు మన జేబులోంచి పెట్టుకునే డిడక్టిబుల్ ఎంత పడుతుంది, అమ్మ వీసా సంగతేంటి అని వరుసగా అడిగావు. డబుల్ స్ట్రోలర్ వద్దు, మీవాడికి నాలుగేళ్లు, నడుస్తాడు. మిగతావి కూడా అడగాల్సినవే. కానీ నొప్పులు వచ్చిన రాత్రి ఆ నాలుగేళ్ల పిల్లాడు ఎవరి దగ్గర ఉంటాడో ఎక్కడా రాయలేదు. "మా ఆయన చూసుకుంటారు" అని ఒక్క ముక్క రాశావంతే. మీ ఆయన నీ పక్కన ఉండాలి కదా. మరి పిల్లాడి పక్కన ఎవరుంటారు?

మన దగ్గర ఈ ప్రశ్నే రాదు. తొలి కాన్పు పుట్టింట్లో, రెండోది అత్తగారింట్లో, ఎక్కడైనా ఇల్లు నిండా మనుషులు. నా మొదటి కాన్పు హన్మకొండలో అయింది. నర్సింగ్ హోం వరండా మొత్తం మావాళ్లే. మేనత్త టిఫిన్ డబ్బాతో, చిన్నమ్మ ఫ్లాస్కులో చాయ్‌తో, బాపు మందుల చీటీ పట్టుకుని మెట్లు ఎక్కుతూ దిగుతూ. నర్సు వచ్చి "ఇంతమంది ఏంటమ్మా" అని కసిరితే గేటు దాకా పోయి మళ్లీ వచ్చేవాళ్లు. అప్పుడు నాకు వాళ్లందర్నీ చూస్తే విసుగు. కాసేపు ఒక్కదాన్నే పడుకోనిస్తే బాగుండనుకునేదాన్ని.

రెండోసారికి ఆ కోరిక బాగానే తీరింది. అమ్మ వీసా ఇంటర్వ్యూకు పోతే రెండు ప్రశ్నలడిగి, వీసా ఇవ్వలేమనే 214(బి) కాగితం చేతిలో పెట్టి పంపారు. మళ్లీ ప్రయత్నించేలోపు నెలలు నిండాయి. "ఇద్దరం ఉన్నాం కదా, మేనేజ్ చేద్దాం" అన్నారు మా ఆయన. నేనూ సరేనన్నాను. మా పై ఇంట్లో గుంటూరు వాళ్లు, ఎదురు బ్లాకులో కరీంనగర్ వాళ్లు ఉండేవాళ్లు. మెయిల్ బాక్సు దగ్గర ఎదురైతే నవ్వడం వరకే పరిచయం. వాళ్ల తలుపు కొట్టి సాయం అడగడమంటే నాకు నామోషీ. ఊళ్లో పదిమంది మా ఇంటికి వచ్చి అడిగేవాళ్లు, నేను పోయి ఒకరిని అడిగేదేంటన్న పొగరు కూడా ఉండేది.

నొప్పులు అర్ధరాత్రి దాటాక మొదలయ్యాయి. మొదటిసారి పగలూ రాత్రీ పట్టింది కాబట్టి తెల్లారేదాకా టైం ఉందిలే అనుకున్నాను. సింకులో గిన్నెలుంటే తోముకున్నాను కూడా. గంట తిరిగేసరికి నిలబడలేకపోయాను. పిల్లాడిని నిద్రలోనే దుప్పటితో సహా ఎత్తి కార్లో కూర్చోబెట్టాం. ఆస్పత్రికి పోతే రాత్రిపూట చిన్నపిల్లలను లేబర్ రూంలోకి రానివ్వం అన్నారు. వాడు కొత్తచోట లేచి ఏడుపు అందుకున్నాడు. మా ఆయన వాడితో కింద లాబీలో, నేను పైన. పాప బయటికొచ్చేటప్పుడు నా చేయి పట్టుకున్నది ఆ రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు. నేను తెలుగులో అరుస్తున్నా, ఆమె ఇంగ్లీషులో సముదాయిస్తోంది. తెల్లారాక మా ఆయన పైకి వచ్చారు. ఒక చంకలో కొడుకు, వాడి చేతిలో వెండింగ్ మెషీన్ బిస్కెట్ పొట్లం, చొక్కా మీదంతా పొడి. ఇంకో చేత్తో కూతుర్ని ఎత్తుకోవడానికి భయపడ్డారు.

అందుకే అడిగినవన్నీ పక్కనపెట్టి ఇది చెప్తున్నా. ఇప్పుడు మా కాలనీలో రెండో కాన్పుకు పోయే మనవాళ్ల పిల్లలు ఒక రాత్రి మా ఇంట్లో పడుకోవాల్సిందే. వాళ్ల కోసం విడిగా బొంతలు పెట్టాను.

రెండో కాన్పు మామూలుగా మొదటిదానికంటే తొందరగా అవుతుంది. మొదటిసారి వాళ్లకు ఒక లెక్క చెప్తారు: ఐదు నిమిషాలకోసారి నొప్పి రావాలి, ఒక్కోటి నిమిషం ఉండాలి, గంటసేపు అలాగే సాగాలి, అప్పుడు బయల్దేరండి అని. రెండోసారి అంతదాకా ఆగొద్దంటారు. నీకు ఎప్పుడు ఫోన్ చేయమంటారో ఈసారి అపాయింట్‌మెంట్లో నీ డాక్టర్‌నే అడిగి రాసుకో. ఉమ్మనీరు పోయినా, రక్తం కనబడినా, బిడ్డ కదలికలు తగ్గినా ఈ లెక్కలేం చూడొద్దు, వెంటనే ఫోన్ చేయాలి. 36, 37 వారాల్లో గ్రూప్ బి స్ట్రెప్ అనే బ్యాక్టీరియా ఉందేమోనని పరీక్ష చేస్తారు. పాజిటివ్ వస్తే కంగారేం లేదు, నొప్పులప్పుడు సెలైన్‌లో యాంటీబయాటిక్ ఎక్కిస్తారు. కాకపోతే కాన్పుకు కనీసం నాలుగు గంటల ముందు అది మొదలవ్వాలని చూస్తారు. అంటే ఇంకా ముందే ఇల్లు కదలాలి. ఫోర్ట్‌వర్త్‌లో మీ ఆయన ఫ్రెండు ఉన్నాడన్నావు. మంచివాడే అయ్యుంటాడు. రాత్రి రెండింటికి లేచి, ముఖం కడుక్కుని, మీరుండే ఫ్రిస్కోకి వచ్చేదాకా నువ్వు ఆగగలవా? పది నిమిషాల్లో వచ్చేవాళ్లు కావాలి.

"వాట్సాప్ గ్రూపులో ఐదొందల మంది ఉన్నారక్కా" అనొద్దు. అర్ధరాత్రి ఆ గ్రూపులో మెసేజ్ పెడితే పొద్దున ఏడింటికి ఆల్ ది బెస్ట్‌లు, దండాల బొమ్మలు వస్తాయి. ఈ కాలం పిల్లలు బతుకమ్మ ఆడటానికి వస్తారు, వంద ఫొటోలు దిగుతారు, పక్కన చప్పట్లు కొట్టినామె పేరు మాత్రం అడగరు. గుళ్లో, ఇండియన్ స్టోర్లో, మీవాడి డేకేర్ దగ్గర రోజూ కనిపించేవాళ్లు ఉంటారు. ఇద్దరిని ఎంచుకో, ఒకరు చాలరు. సరిగ్గా నీ డేట్‌కి ఆ ఒక్కరూ ఇండియా టికెట్ తీసుకుని ఉంటారు. ఒక శనివారం అన్నానికి పిలువు. తర్వాతి వారం మీవాడిని వాళ్లింట్లో ఒక రాత్రి పడుకోబెట్టి చూడు. వాడు అర్ధరాత్రి లేచి ఏడిస్తే ఇప్పుడే ఏడవనీ, నువ్వు పోయి తెచ్చుకోవచ్చు. తర్వాత గరాజ్ కోడ్ ఇవ్వు, వాడు ఏ దుప్పటి లేకపోతే పడుకోడో చెప్పు.

డేకేర్ సంగతి చాలామంది మరచిపోతారు. పిల్లాడిని తీసుకుపోయేవాళ్ల పేర్లు వాళ్ల దగ్గర ముందే రాసిపెట్టాలి. పేరు లేకపోతే, ఫొటో ఐడీ చూపకపోతే పిల్లాడిని ఇవ్వరు. కాబట్టి ఆ రెండిళ్ల వాళ్ల పేర్లూ ఇప్పుడే రాయించు. వాళ్ల కార్లో పెట్టడానికి పెద్దోడి కార్ సీటు కూడా తీసి ఇవ్వాలి. వాడి చిన్నప్పటి సీటునే పాపకో బాబుకో వాడదామనుకుంటే దాని వెనక ఉన్న ఎక్స్‌పైరీ తేదీ చూడు. సీటు లేకుండా పసిబిడ్డను కార్లో ఇంటికి తీసుకుపోనివ్వరు.

మొదటిది ఊళ్లో, ఆపరేషన్ అన్నావు. ఆశ్చర్యం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద ఆపరేషన్ కాన్పులు 21.5 శాతమైతే తెలంగాణలో 60.7 శాతం. ఈసారి మామూలు కాన్పుకు ప్రయత్నించొచ్చా అన్నది ఇక్కడి డాక్టర్ చెప్పాలి, కానీ దానికి ఆమెకు నీ పాత ఆపరేషన్ నోట్స్ కావాలి. పొట్ట మీది కుట్టు అడ్డంగా ఉన్నంత మాత్రాన లోపల గర్భసంచికి కూడా అడ్డంగానే కోశారని కాదు, అది నోట్స్‌లోనే ఉంటుంది. డిశ్చార్జ్ కాగితం ఒక్కటే సరిపోదు. మీ బాపును ఆ ఆస్పత్రికి పంపి ఫొటో తీసి పంపమను. అక్కడ ఫైలు దొరకడానికే వారం తిరగాల్సి రావచ్చు. మళ్లీ ఆపరేషనే అంటే, వేరే కారణం లేకపోతే 39వ వారంలో డేట్ ఇస్తారు. అయ్యగారితో ముహూర్తం పెట్టిస్తానని అత్తమ్మ అంటే ఇప్పుడే సర్దిచెప్పు. డేట్ ఉంది కదా అని మనిషి సంగతి వదిలేయకు, నొప్పులు ఆ డేట్ కంటే ముందే రావచ్చు. ఆస్పత్రిలో ఉండే రోజులకు ఇక్కడ 1996 చట్టం ఒకటుంది. మామూలు కాన్పుకు 48 గంటలు, ఆపరేషన్‌కు 96 గంటల లోపే పంపేయాలని ఇన్సూరెన్స్ వాళ్లు అనడానికి లేదు. అంటే పెద్దోడికి నాలుగు రాత్రులు లెక్క వేసుకో. ఇంటికొచ్చాక కూడా కొన్ని వారాలు పసిబిడ్డ కంటే బరువైనదేదీ ఎత్తొద్దంటారు. నాలుగేళ్లోడు "అమ్మా ఎత్తుకో" అని వస్తే ఎత్తుకునేవాళ్లు ఇంకొకరు ఉండాలి.

డబ్బు సంగతి రెండు ముక్కల్లో చెప్తా, మిగతాది మీ ఆయన ఆఫీసులో హెచ్‌ఆర్ వాళ్లు చెప్తారు. బిడ్డ పుట్టాక 30 రోజుల్లోపు ఇన్సూరెన్స్‌లో పేరు చేర్పించండి, దానంతటది చేరదు. జీతం లేకుండా 12 వారాల సెలవు ఇచ్చే ఫెడరల్ చట్టం కంపెనీలో ఏడాది నిండినవాళ్లకే. మీ ఆయన మొన్ననే చేరాడన్నావు కాబట్టి అది వర్తించదు, కంపెనీ సొంతంగా ఏమిస్తుందో అడగమను. వారం రోజులే ఇస్తే రెండో వారం నుంచి పగలంతా నువ్వు, ఇద్దరు పిల్లలు, నాలుగు గోడలు. నాకు ఆ రోజులే ఎక్కువ గుర్తున్నాయి. మధ్యాహ్నం అమ్మకు ఫోన్ చేద్దామంటే అక్కడ అర్ధరాత్రి. పాప రాత్రి రెండింటికి లేస్తే హన్మకొండలో మధ్యాహ్నం పన్నెండున్నర, అమ్మ అన్నం తింటూ మాట్లాడేది. పగలు కళ్లలో నీళ్లు ఎందుకు వస్తున్నాయో తెలిసేది కాదు. డాక్టర్ అడిగిన ప్రశ్నాపత్రంలో అన్నీ "బాగానే ఉన్నా" అని టిక్కు పెట్టి వచ్చాను. నువ్వు అలా పెట్టకు. తల్లుల కోసం 1-833-852-6262 అని ఉచిత నంబర్ ఉంది, రాత్రీ పగలూ పలుకుతారు, దుబాసీని కూడా ఇస్తారు. ఫ్రిజ్ మీద అంటించుకో.

అమ్మకు వీసా వస్తే అదృష్టమే. 36వ వారానికల్లా ఇక్కడ ఉండేలా చూడు, నిద్ర టైం సర్దుకోవడానికే ఆమెకు వారం పోతుంది. సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు, ఆ తేదీ మాత్రం ఎయిర్‌పోర్టులో ఆఫీసర్ వేస్తాడు. కోరింత దగ్గు టీకా నీకు 27 నుంచి 36 వారాల మధ్య వేస్తారు, అమ్మ కూడా ఊళ్లోనే వేయించుకుంటే మంచిది. సొంఠి, ఓమ, కాయం అన్నీ పొడి చేసి తెస్తుంది, వద్దన్నా తెస్తుంది.

ఇక్కడి ఇల్లు ఎలా నడుస్తుందో మాత్రం ఆమెకు నేర్పాలి. ఎల్లిగడ్డ వేసి పోపు పెడితే చాలు, స్మోక్ అలారం కుయ్యోమంటుంది. పొయ్యి మీది ఫ్యాన్ ఏ బటనో చూపించు. 911కి ఫోన్ చేసి అడ్రస్ చెప్పడం పలకలో రాయించినట్టు రాయించు. నీకు విపరీతమైన తలనొప్పి వచ్చినా, చూపు మసకబారినా, గంటకో ప్యాడ్ తడిసిపోయినా "బాలింతకు అట్లనే ఉంటది" అని ఊరుకోవద్దని ఇప్పుడే గట్టిగా చెప్పు. ఆమెకు కారు నడపడం రాదు కాబట్టి ఆ పది నిమిషాల దూరపు ఇల్లు అప్పుడూ కావాలి. పగలంతా పలకరించే దిక్కులేక ఆమె కూడా రెండో నెలకే "పోతా బిడ్డా" అంటుంది. సాయంత్రం పార్కులో తిరిగే ఇంకో అమ్మమ్మను చూసిపెట్టు. ఇరవై ఒకటో రోజు తొట్టెల చిన్నగానైనా చేయి, ఆ రెండిళ్ల వాళ్లనీ పిలువు, అమ్మకు మాట్లాడేందుకు మనుషులు దొరుకుతారు.

అత్తమ్మ తర్వాత వస్తానందన్నావు కదా, టికెట్లు ఇప్పుడే చూసుకోండి. అమ్మ పోయాక ఆమె దిగేలా కాదు, ఒక వారం ఇద్దరూ కలిసి ఉండేలా. వంటింట్లో పప్పులో చింతపండు ఎంత వేయాలో తేల్చుకోలేక గొడవ పడితే పడనీ. ఆ వారం నువ్వు తలుపేసుకుని పడుకో.