మోనో రికార్డుకు మోనో కార్ట్రిడ్జ్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: 1950ల నాటి మోనో ఎల్‌పీలను స్టీరియో కార్ట్రిడ్జ్‌ (ముల్లు కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) తోనే వింటున్నాను. పాట రెండు స్పీకర్లలోనూ ఒకేలా వస్తోంది. మోనో కార్ట్రిడ్జ్ కొంటే కొత్తగా వచ్చేదేమిటి?

జవాబు: కొత్తగా వచ్చేది ఏమీ లేదు, పోయేవే ఉన్నాయి. మోనో గాడిలో సంగీతమంతా ముల్లు పక్కలకు ఊగే కదలికలోనే ఉంటుంది. పైకీ కిందికీ కదిలే కదలికలో పాట అనేదే ఉండదు. 1958 నుంచి విరివిగా వచ్చిన స్టీరియో రికార్డుల్లో 45 డిగ్రీల వాలుతో ఉన్న రెండు గాడి గోడలూ చెరో ఛానల్‌ను మోస్తాయి. అందుకని స్టీరియో కార్ట్రిడ్జ్ నిలువు కదలికను కూడా పట్టుకోవాలి. మోనో రికార్డు మీద ఆ నిలువు కదలిక అంటే దుమ్ము, గీతలు, అరుగుదల, టర్న్‌టేబుల్ గరగర.

దుమ్ము లేని కొత్త రికార్డులోనూ ఒక చిక్కు ఉంది. గాడిని కోసే ముల్లు ఉలిలా బల్లపరుపుగా ఉంటుంది, దాన్ని చదివే ముల్లు కొన గుండ్రంగా ఉంటుంది. గాడి ఏటవాలుగా సాగేచోట దాని అడ్డకొలత తగ్గి, గుండ్రటి కొన పైకి లేస్తుంది. ఒక్కో ఊపుకు ఇలా రెండుసార్లు జరుగుతుంది. అంటే 1000 హెర్ట్జ్ స్వరానికి తోడు 2000 హెర్ట్జ్ నిలువు శబ్దం పుడుతుంది. గాయకుడి గొంతు చుట్టూ వినిపించే గరుకుదనంలో దీని పాలు చాలానే ఉంటుంది.

దీన్ని మీ చెవులతోనే తేల్చుకోవచ్చు. టోన్ ఆర్మ్ (కార్ట్రిడ్జ్‌ను మోసే కడ్డీ) కొసన ఉండే హెడ్‌షెల్‌లో కుడి ఛానల్‌కు వెళ్లే ఎరుపు, ఆకుపచ్చ క్లిప్పులను ఒకదాని చోట ఒకటి తొడిగి, యాంప్లిఫయర్‌ను మోనోలో పెట్టి మోనో రికార్డు వేయండి. పాట దాదాపు మాయమైపోయి చిటపటలు, గరగర మిగులుతాయి. ఇన్నాళ్లూ పాటతో కలిపి విన్నది అదే. (కొన్ని కార్ట్రిడ్జ్‌లలో ఒక గ్రౌండ్ పిన్ను లోహపు తొడుగుకు అంటి ఉంటుంది కాబట్టి ఈ పరీక్షలో హమ్ (ఎడతెగని సన్నటి గుంయ్‌మనే శబ్దం) రావచ్చు. వినడం అయ్యాక క్లిప్పులను యథాస్థానంలో పెట్టేయండి.)

అందుకే కొనేముందు యాంప్లిఫయర్‌లో మోనో బటన్ ఉందేమో చూడండి. రెండు ఛానళ్లూ కలిస్తే నిలువు శబ్దాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ప్రయోజనంలో పెద్ద వాటా అక్కడే దక్కుతుంది, పైసా ఖర్చు లేదు. కాకపోతే ఛానళ్ల బలం సమానంగా ఉండాలి. 1 డెసిబెల్ తేడా ఉంటే నిలువు శబ్దం సుమారు 25 డెసిబెళ్లు తగ్గి ఆగిపోతుంది, 2 డెసిబెళ్ల తేడా ఉంటే 19 దగ్గరే ఆగుతుంది. కాయిల్‌ను పక్క కదలికకే స్పందించేలా చుట్టిన అసలైన మోనో కార్ట్రిడ్జ్‌కు ఈ సమానత్వంతో పనే లేదు.

బటన్ లేకపోతే టర్న్‌టేబుల్‌కూ ఫోనో ప్రీయాంప్‌కూ (కార్ట్రిడ్జ్ ఇచ్చే బలహీన సంకేతాన్ని పెంచే పరికరం) మధ్య రెండు వై కేబుళ్లు పెట్టండి: మొదటిది రెండింటిని ఒకటి చేస్తుంది, రెండోది ఒకదాన్ని మళ్లీ రెండు చేస్తుంది. ప్రీయాంప్ అవుట్‌పుట్ దగ్గర మాత్రం రెండు ఛానళ్లను నేరుగా కలపకండి, ఒకదాని మీద ఒకటి భారం మోపుతాయి. ఇంకో సంగతి: ఇలా కలిపినప్పుడు ప్రీయాంప్ ఒక్కో ఛానల్ మీద మోపే నిరోధాలు, అంటే రెండు 47 కిలోఓమ్‌ల లోడ్లు కలిసి 23.5 కిలోఓమ్‌లు అవుతాయి, కెపాసిటెన్స్ (తీగలు విద్యుత్తును నిలవచేసుకునే గుణం) కూడా కలిసిపోతుంది. కానీ కార్ట్రిడ్జ్‌లోని రెండు కాయిళ్లు కూడా అలాగే కలుస్తాయి కాబట్టి మోనో పాటలో పైస్వరాలు పెద్దగా మారవు.

ప్రశ్న: నాలుగు పిన్నుల మోనో కార్ట్రిడ్జ్ బిగించగానే హమ్ మొదలైంది. పాతదానితో ఈ బాధ లేదు.

జవాబు: చాలా నాలుగు పిన్నుల మోనో కార్ట్రిడ్జ్‌లలో ఎడమ, కుడి గ్రౌండ్లు లోపలే కలిసి ఉంటాయి. అవే ప్రీయాంప్‌లో మళ్లీ కలుస్తాయి. టోన్ ఆర్మ్ తీగల గుండా ఒక వలయం ఏర్పడి హమ్‌ను లాక్కుంటుంది. యాంప్లిఫయర్ ఆపి, పట్టకారుతో ఆకుపచ్చ క్లిప్పును పిన్ను నుంచి లాగి, ఎక్కడా తగలకుండా టేపు చుట్టండి. వలయం తెగుతుంది. అప్పటికీ పోకపోతే ఎరుపును కూడా తీసేసి, ఎడమ ఛానల్ ఒక్కదాన్నే వాడుతూ ప్రీయాంప్ తర్వాత వై కేబుల్‌తో రెండుగా చీల్చండి. క్లిప్పు వదులుగా ఉంటే తీసి కాస్త నొక్కి తొడగండి. పిన్ను మీద సోల్డర్ మాత్రం వద్దు, వేడికి లోపలి సన్నటి కాయిల్ తీగ ఊడిపోతుంది.

ప్రశ్న: మోనో కార్ట్రిడ్జ్‌తో స్టీరియో రికార్డు వేయవచ్చా?

జవాబు: ముల్లు నిలువుగా కదలగలిగితే వేయవచ్చు, శబ్దం మోనోలో వస్తుంది. డెనాన్ డీఎల్-102 ఇలాంటిది. రెండే పిన్నులు, అవుట్‌పుట్ 3 మిల్లీవోల్టులు, ముల్లు గాడి మీద మోపే బరువు 3 గ్రాములు. స్టీరియో రాకముందు వచ్చిన పాత కార్ట్రిడ్జ్‌లు వేరే. వాటి ముల్లు నిలువుగా బిగుసుకుని ఉంటుంది. స్టీరియో గాడి పైకి తోసినా లొంగక గోడలను చెక్కేస్తుంది. ఆ నష్టాన్ని తిరిగి సరిచేయలేం.

ప్రశ్న: ముల్లు కొన వ్యాసార్ధం 25 మైక్రాన్లు ఉండాలా, 18 మైక్రాన్లు ఉండాలా?

జవాబు: రికార్డు వయసును బట్టి. 1948లో ఎల్‌పీ వచ్చినప్పటి నుంచి స్టీరియో వచ్చేవరకు కోసిన గాడులకు 25 మైక్రాన్లు సరిపోతుంది. 1960ల మోనో రికార్డులకూ, స్టీరియో యంత్రాల మీద కోసిన ఇప్పటి పునర్ముద్రణలకూ 18 మేలు. సన్నటి గాడిలో 25 మైక్రాన్ల కొన పైపైనే తేలుతుంది, పాట లేబుల్‌ను సమీపించేకొద్దీ పైస్వరాలు మసకబారతాయి. పాత రికార్డు ఒక కొనతో గరగరలాడితే రెండోదానితో ప్రయత్నించి చూడటం మంచిదే. గోడమీద అరిగిన ఎత్తు వేరు, కొత్త కొన ఆనే ఎత్తు వేరు అయితే తేడా వెంటనే తెలుస్తుంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత 78 రికార్డులకు ఈ రెండూ పనికిరావు. వాటి గాడి వెడల్పు ఎక్కువ కాబట్టి 65 నుంచి 75 మైక్రాన్ల కొన కావాలి. సన్నది పెడితే గాడి అడుగున దుమ్ములో దేకుతుంది.