టేబుల్స్ నిండినా విశ్లేషణ రాలేదంటే...

నెట్‌ఫ్లిక్స్ మీద స్వాట్ (బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు), పెస్టెల్ (రాజకీయ, ఆర్థిక, సామాజిక, సాంకేతిక, పర్యావరణ, చట్టపరమైన అంశాలు), ఫైవ్ ఫోర్సెస్ (పోటీ, కొత్తగా వచ్చేవారు, ప్రత్యామ్నాయాలు, కొనేవారు, సరఫరాదారులు అనే ఐదు శక్తులు) టేబుల్స్ మూడూ నింపినా గైడ్ "ఇందులో విశ్లేషణ ఏది?" అన్నారని రాశారు. టెన్షన్ పడకండి, మీ పని వృథా కాలేదు. పేపర్‌కి ఒక ప్రశ్న లేదు, అంతే.

కంపెనీ మొత్తాన్ని వర్ణించడం మానేసి ఒక్క నిర్ణయాన్ని పట్టుకోండి. 2022 మొదటి ఆరు నెలల్లో నెట్‌ఫ్లిక్స్ చందాదారులు తగ్గారు. అదే ఏడాది నవంబరులో యాడ్స్ ఉండే చవక ప్లాన్ తెచ్చింది. అన్నేళ్లు యాడ్స్ వద్దన్న కంపెనీ ఎందుకు మారింది? అది సరైన నిర్ణయమేనా? మీ పేపర్ దీనికి జవాబు చెప్పాలి.

అప్పుడు 1979లో మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ మైకేల్ పోర్టర్ చెప్పిన ఈ ఐదు శక్తులకూ సమాన చోటు అక్కర్లేదు. ఇక్కడ బరువంతా పోటీ మీద, ప్రత్యామ్నాయాల మీద, ఎప్పుడంటే అప్పుడు చందా ఆపేయగల ప్రేక్షకుడి మీద ఉంటుంది. వాటిని లోతుగా రాయండి, మిగతావి ఒక్కో వాక్యం చాలు. స్వాట్‌లో "బలమైన బ్రాండ్" అని వదిలేయకండి. ఆ బలం ఏ అంకెలో కనబడుతోంది, పోటీదారు దాన్ని ఎందుకు అనుకరించలేడు అన్నది రాస్తేనే విశ్లేషణ.

ఆధారాలకు వార్తల కంటే ముందు ఫారం 10-కె (అమెరికాలో లిస్టయిన కంపెనీలు అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థకు ఇచ్చే వార్షిక నివేదిక) చదవండి, ముఖ్యంగా రిస్క్ ఫ్యాక్టర్స్ భాగం. తనకు ఏది ప్రమాదమో కంపెనీయే అక్కడ రాసుకుంటుంది. చివర్లో సిఫారసు ఒక్కటే ఇవ్వండి, దానివల్ల కంపెనీ ఏం వదులుకోవాలో కూడా చెప్పండి. ప్రశ్న రాశాక ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను.