కొటేషన్‌కు ఒప్పుకుని డబ్బు కట్టాక కారు బీమా ధర పెంచవచ్చా?

సందేహం: మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లె. కొబ్బరి వ్యాపారం చేస్తాను. హైదరాబాదులో మా బావమరిది వాడిన కారును పోయిన ఏడాది కొని, ఆర్‌సీ నా పేరున మార్పించుకుని, నా పేరునే కొత్త పాలసీ తీసుకున్నాను. నంబరు మాత్రం హైదరాబాదుదే. ఏడాదిలో క్లెయిమ్ ఏమీ లేదు. రెన్యువల్ కోసం ఏజెంటు అడిగితే ఆర్‌సీ, పాత పాలసీ ఫొటోలు వాట్సాప్‌లో పంపాను. 15,420 రూపాయలకు కొటేషన్ వచ్చింది. సరేనని 9వ తేదీన కంపెనీ పంపిన లింకులోనే డబ్బు కట్టాను. డబ్బు అందిందనీ, 20వ తేదీ నుంచి పాలసీ అమలులో ఉంటుందనీ మెసేజ్ వచ్చింది. 13వ తేదీన కంపెనీ నుంచి ఫోను. నో క్లెయిమ్ బోనస్ (ఏడాదంతా క్లెయిమ్ చేయనివారికి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పొరపాటున 35 శాతం వేశారట, నాకు 20 శాతమే వర్తిస్తుందట. బండి హైదరాబాదు రిజిస్ట్రేషన్ కాబట్టి జోన్ కూడా మారుతుందట. ఇంకా 4,100 కట్టకపోతే పాలసీ ఇవ్వమన్నారు. పాత పాలసీ 19వ తేదీ అర్ధరాత్రితో ముగుస్తుంది. ఒప్పుకున్నాక ధర పెంచడం న్యాయమేనా? కోర్టుకు వెళ్లవచ్చా?

సలహా: మీ ఉత్తరంలో తేదీలు చూడగానే ఫోను చేసి ఒక మాట చెప్పాను. అదే ఇక్కడ ముందుగా రాస్తున్నాను, ఎందుకంటే ఇలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తున్నాయి. తగాదా ఎంత న్యాయమైనదైనా బండిని ఒక్క రోజు కూడా బీమా లేకుండా ఉంచకండి. మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేకుండా బండి రోడ్డెక్కకూడదు. మొదటిసారి దొరికితే 2,000 రూపాయల జరిమానా గానీ, మూడు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. అంతకంటే పెద్ద భయం వేరే ఉంది. ఆ ఒక్క రోజులో ఎవరికైనా దెబ్బ తగిలితే ప్రమాదాల ట్రిబ్యునల్ వేసే నష్టపరిహారం మీ కొబ్బరి వ్యాపారం మీదికి వస్తుంది. 4,100 రూపాయల కోసం అంత ప్రమాదం నెత్తిన పెట్టుకోకూడదు.

ఇక అసలు ప్రశ్న. ఒప్పుకున్నాక ధర పెంచవచ్చా అంటే, ఎవరు ఎప్పుడు ఒప్పుకున్నారో ముందు తేల్చుకోవాలి. మనం ‘సరే’ అన్న క్షణంలో బేరం కుదిరిందని అనుకుంటాం. సంతలో అయితే అంతే. బీమాలో కొటేషన్ సాధారణంగా ప్రతిపాదన కాదు, ప్రతిపాదన చేయమని పిలవడం మాత్రమే. ప్రపోజల్ ఫారం నింపి డబ్బు కట్టినప్పుడు ప్రతిపాదన చేసింది మీరు. దాన్ని అంగీకరించాల్సింది కంపెనీ. ఈ విషయంలో సుప్రీంకోర్టు 1984లో ఇచ్చిన తీర్పు ఒకటి మన తెలుగునాట నుంచి వెళ్లిన కేసుదే: జీవిత బీమా సంస్థకూ రాజా వాసిరెడ్డి కోమలవల్లి కాంబ గారికీ మధ్య నడిచినది. ప్రీమియం తీసుకుని ఉంచుకున్నంత మాత్రాన, మౌనంగా ఉన్నంత మాత్రాన కంపెనీ ఒప్పుకున్నట్లు కాదని అందులో చెప్పారు. మీ దగ్గర డబ్బు కట్టిన రసీదు ఒక్కటే ఉంటే, కంపెనీ వకీలు మొదట చూపేది ఆ తీర్పునే.

కానీ మీ దగ్గర అంతకంటే ఎక్కువ ఉంది. మీరు ఉత్తరంలో మామూలు విషయంలా రాసిన ఒక వాక్యాన్ని నేను రెండుసార్లు చదివాను: ‘20వ తేదీ నుంచి పాలసీ అమలులో ఉంటుందని మెసేజ్ వచ్చింది’. అది మౌనం కాదు. తాను అడిగిన మొత్తం అందుకుని, రిస్కు మొదలయ్యే తేదీని కంపెనీయే తెలియజేసింది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం అంగీకారం అవతలివారికి చేరాక వెనక్కి తీసుకునే వీలు లేదు. ఒక పక్షం మాత్రమే పొరపాటు పడితే, ఆ కారణంతో ఒప్పందాన్ని రద్దు చేయడానికి వీల్లేదని 22వ సెక్షన్ చెబుతుంది. షరతులు మార్చాలంటే 62వ సెక్షన్ ప్రకారం ఇద్దరూ ఒప్పుకోవాలి. ఒప్పందం ఫోనులో జరిగిందనో, లింకులో జరిగిందనో చెల్లకుండా పోదని సమాచార సాంకేతిక చట్టం 10ఏ సెక్షన్ ఉంది. బీమా చట్టం 64వీబీ ప్రకారం ప్రీమియం ముందుగా అందనిదే రిస్కు తీసుకోకూడదు కదా, మాకు పూర్తి ప్రీమియం అందలేదు అని కంపెనీ అనవచ్చు. వారు అడిగిన పూర్తి మొత్తం వారికి 9వ తేదీనే అందింది. లెక్క తప్పింది వారి వైపు.

ఇంతవరకు చదివి, మొత్తం 4,100 ఎగ్గొట్టవచ్చని అనుకోకండి. ఇక్కడే నేను మీతో కొంచెం కటువుగా మాట్లాడాలి. పెంపులో రెండు భాగాలున్నాయి, రెంటినీ ఒకే గాటన కట్టకూడదు.

నో క్లెయిమ్ బోనస్ బండికి రాదు, యజమానికి వస్తుంది. మీ బావమరిది క్లెయిమ్ లేకుండా గడిపిన సంవత్సరాలు ఆయనవే, కారుతో పాటు మీకు చేరవు. మీ పేరున ఒక్క ఏడాది గడిచింది కాబట్టి మీకు వచ్చేది 20 శాతం. తర్వాతి మెట్లు 25, 35, 45, 50. కంపెనీ ఈ భాగంలో చెప్పినది సరైన మాటే. తప్పు ఏజెంటుదే కావచ్చు, మీరు పంపిన పాత పాలసీ మీద బోనస్ లేదని కనిపిస్తూనే ఉండవచ్చు. అయినా ఈ 35 శాతం కోసం పట్టుబట్టవద్దు. బోనస్ కోసం చేసే ప్రకటనలో, ఇది తప్పని తేలితే సొంత బండి నష్టానికి సంబంధించిన ప్రయోజనాలన్నీ పోతాయనే షరతు ఉంటుంది. మీరు ఫారం చదవకపోయినా ఆ మాట మీదే. ఇప్పుడు తప్పని తెలిసీ అలాగే ఉంచితే, రేపు క్లెయిమ్ వేసిన రోజున అదే మీ మెడకు చుట్టుకుంటుంది. రెండు వేలు మిగిల్చుకుని ఐదు లక్షల బండిని పణంగా పెట్టడం అవుతుంది. అలా క్లెయిమ్ పోగొట్టుకుని నా దగ్గరికి వచ్చినవారిని చూశాను. ఆ దశలో వకీలు చేయగలిగింది చాలా తక్కువ.

రెండో భాగం జోన్. ఇక్కడ మాత్రం వదలవద్దు. ప్రైవేటు కార్ల లెక్కలో హైదరాబాదుతో సహా ఎనిమిది మహానగరాలు ఏ జోన్, మిగతా దేశమంతా బీ జోన్. బండి ఎక్కడ తిరుగుతుందన్నది కాదు, ఎక్కడ రిజిస్టరైందన్నది లెక్క. కాబట్టి ఏ జోన్ వేయడం తప్పు కాదు. కానీ మీ ఆర్‌సీ ఫొటో కొటేషన్‌కు ముందే వారి ఏజెంటు చేతిలో ఉంది. ఏజెంటుకు పని సందర్భంలో తెలిసిన విషయం కంపెనీకి తెలిసినట్లేనని కాంట్రాక్టు చట్టం 229వ సెక్షన్. మీరు దాచింది ఏమీ లేదు. అన్నీ చూసే ధర చెప్పారు. (ఆయన ఏజెంటు కాక బ్రోకరు అయితే ఈ వాదన బలహీనపడుతుంది. బ్రోకరు చట్టం దృష్టిలో మీ తరఫు మనిషి. కొటేషన్ మీద ఏమని ఉందో చూడండి.)

పైగా మొత్తం చూడండి. మీరు పంపిన కాగితం ప్రకారం ఐడీవీ (బీమా కోసం లెక్కగట్టిన బండి విలువ) ఐదు లక్షలు, బండి 1,200 సీసీ, వయసు ఐదేళ్ల లోపు, డిస్కౌంటు పోను సొంత నష్టం ప్రీమియం 12,000. బోనస్ 35 నుంచి 20కి తగ్గితే తేడా 1,800, పద్దెనిమిది శాతం జీఎస్టీతో 2,124. అది సరిపోయింది. మిగిలిన 1,976 జోన్ తేడా అంటున్నారు. పాత టారిఫ్‌లో (కంపెనీలన్నిటికీ ఒకటే అయిన ధరల పట్టికలో) ఇలాంటి బండికి ఏ జోన్ రేటు ఐడీవీలో 3.283 శాతం, బీ జోన్‌ది 3.191 శాతం. ఐదు లక్షల మీద తేడా 460 రూపాయలు, జీఎస్టీతో 543. సొంత నష్టం ప్రీమియం మీద 2007 నుంచి కంపెనీలకు స్వేచ్ఛ ఉంది, నిజమే. అయినా 543 ఎక్కడ, 1,976 ఎక్కడ? ఆ లెక్క రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి. ఫోనులో చెప్పే మాటకు బదులివ్వవద్దు. థర్డ్ పార్టీ భాగంలో ఎవరైనా పెంచామంటే అసలు నమ్మవద్దు. అది కేంద్ర ప్రభుత్వం నిర్ణయించే ధర, 2022 జూన్ 1 నుంచి అమలైన పట్టికలో 1,000 దాటి 1,500 సీసీ వరకు కార్లకు 3,416 రూపాయలు. అది ఏ కంపెనీకైనా ఒకటే.

కంపెనీకి ఈమెయిల్‌లో ఇలా రాయండి: ‘బోనస్ పొరపాటును అంగీకరించి 2,124 చెల్లిస్తున్నాను. మిగిలిన 1,976కు లెక్క చూపండి. నా ఆర్‌సీ మీ వద్ద ఉండగానే మీరు ధర చెప్పి, డబ్బు తీసుకుని, 20వ తేదీ నుంచి పాలసీ అమలవుతుందని తెలియజేశారు’. దీనికి మెసేజ్ స్క్రీన్‌షాట్, కొటేషన్, చెల్లింపు రసీదు జతచేయండి. 18వ తేదీ సాయంత్రానికి కూడా దిగిరాకపోతే మొత్తం కట్టేయండి. కట్టేటప్పుడు ‘నా అభ్యంతరాన్ని, వాపసు కోరే హక్కును నిలుపుకుంటూ, బీమా ఆగిపోకూడదనే చెల్లిస్తున్నాను’ అని అదే ఈమెయిల్‌లో రాయండి. ఆ వాక్యం లేకపోతే, తర్వాత కంపెనీ మీరు సంతోషంగా ఒప్పుకుని కట్టారంటుంది.

పాలసీ చేతికి రాగానే ఒక్కటి చూసుకోండి. ధర సవరించేటప్పుడు కొటేషన్‌లో ఉన్న ఇంజిన్ రక్షణ కవర్ మాయమైందేమో. మన లంకల్లో, కాజ్‌వేల మీద నీళ్లు ఎంత వేగంగా వస్తాయో 2022 జూలైలో చూశాం. వరద నష్టం మామూలు సమగ్ర పాలసీలోనే ఉంటుంది గానీ, నీళ్లలో ఆగిన బండిని స్టార్ట్ చేయబోయి ఇంజిన్ పాడైతే ఆ అదనపు కవర్ లేనిదే కంపెనీలు చేతులెత్తేస్తాయి.

తర్వాత వాపసు పోరాటం. ముందు కంపెనీ గ్రీవెన్స్ అధికారికి రాతపూర్వక ఫిర్యాదు. అది కుదరకపోతే బీమా నియంత్రణ సంస్థ (ఐఆర్‌డీఏఐ) నడిపే బీమా భరోసా పోర్టల్‌లో గానీ, 155255కు ఫోను చేసి గానీ నమోదు చేయించవచ్చు. ఒక నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్‌కు (కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారికి) వెళ్లవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ, మన పక్కనే ఉన్న యానానికీ కార్యాలయం హైదరాబాదులోనే. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. ప్రీమియం వివాదాలు, డబ్బు తీసుకుని పాలసీ ఇవ్వకపోవడం, ప్రపోజల్‌కు భిన్నమైన పాలసీ ఇవ్వడం, ఇవన్నీ వారి పరిధిలోనివే.

కోర్టుకు వెళ్లవచ్చా అన్నారు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, మీరు నివసించే ప్రాంతానికి సంబంధించిన కమిషన్‌లోనే వేయవచ్చు, గడువు రెండేళ్లు, ఇంత చిన్న మొత్తానికి ఫీజు ఉండదు. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (ఆన్‌లైన్‌లో కొనేవారిని తప్పుదారి పట్టించే ఎత్తుగడలు) మార్గదర్శకాలలో, కొనుగోలు ఖాయమయ్యాక అంతకుముందు చూపిన ధర కంటే ఎక్కువ వసూలు చేయడాన్ని స్పష్టంగా తప్పుపట్టారు. ఆ మాట మీ ఫిర్యాదులో ఉండాలి. అయినా ఈ రెండు వేల కోసం మీరు నాకు ఫీజు కట్టవద్దు. అంబుడ్స్‌మన్ దారి పట్టండి. రెండుచోట్లా ఒకేసారి వేస్తే మాత్రం అంబుడ్స్‌మన్ మీ ఫిర్యాదు తీసుకోరు.

మిగతా పాఠకులకు రెండు మాటలు. వాట్సాప్‌లో ‘సరే’ అని మాత్రమే రాసి డబ్బు కట్టనివారికి పట్టు చాలా తక్కువ. వేరే కంపెనీని అడగడమే మేలు. తక్కువ ధరకు కారణం ఏజెంటు తన కమీషన్‌లో కొంత వదులుకుంటానన్న మాటే అయితే, అది బీమా చట్టం 41వ సెక్షన్ నిషేధించిన రిబేటు. దాన్ని పట్టుకుని ఎక్కడా గెలవలేరు. పాలసీ పత్రం చేతికి వచ్చాక మాత్రం పరిస్థితి పూర్తిగా మీ వైపు తిరుగుతుంది. 2024 జూన్ 11 నాటి నియంత్రణ సంస్థ మాస్టర్ సర్క్యులర్ ప్రకారం, మోసం రుజువైతే తప్ప కంపెనీ పాలసీ రద్దు చేయకూడదు, అప్పుడు కూడా కనీసం ఏడు రోజుల నోటీసు ఇవ్వాలి.

చివరగా మీ నంబరు సంగతి. వేరే రాష్ట్రపు బండి ఇక్కడ పన్నెండు నెలలు దాటి ఉంటే కొత్త నంబరుకు దరఖాస్తు చేయాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతుంది. మీకు ఏడాది నిండుతోంది. హైదరాబాదు నుంచి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తెప్పించుకుని మన రవాణా కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వండి, నంబరు మారగానే బీమా కంపెనీకి తెలియజేయండి.