మురుగు దోమ కాదు, వరి మడి దోమ: మెదడువాపుపై మల్కాన్‌గిరి రైతుకు సలహా

ప్రశ్న: మాకు మూడెకరాల వరి, ఐదు పందులు, రెండు ఆవులు ఉన్నాయి. గత నెల మా పందుల్లో ఒకటి, కడుపులోనే చచ్చి ఎండిపోయిన పిల్లలను ఈనింది. మురుగు కాలువ దోమల వల్లే ఇలా జరిగిందని, ఇంట్లో పిల్లలకూ మెదడువాపు వస్తుందని మందుల దుకాణంలో చెప్పి, వరిలో కొట్టమని సైపర్‌మెత్రిన్ పురుగుమందు ఇచ్చారు. కొట్టవచ్చా?
– ఒక రైతు, కలిమెల, మల్కాన్‌గిరి జిల్లా, ఒడిశా

జవాబు: కొట్టవద్దు. మీరు అనుమానిస్తున్న మురుగు దోమ ఈ వ్యాధిని మోసే దోమ కూడా కాదు. మురుగులో పెరిగే క్యూలెక్స్ క్వింక్విఫేసియేటస్ బోదకాలును మోసే దోమ. జపనీస్ మెదడువాపు వైరస్‌ను మన దేశంలో ప్రధానంగా మోసేది నీరు నిలిచిన వరి మడిలో పెరిగే క్యూలెక్స్ ట్రైటీనియోరింకస్. భూతద్దంతో చూస్తే దీని తొండం మధ్యలో తెల్లని పట్టీ కనిపిస్తుంది. మురుగు దోమకు అది ఉండదు.

వైరస్ ఉన్న పందిని కుట్టిన దోమ ఆ మర్నాడే వ్యాధిని అంటించలేదు. వైరస్ దాని కడుపు గోడ దాటి లాలాజల గ్రంథులకు చేరడానికి వానాకాలపు వేడిలో సుమారు 10 రోజులు పడుతుంది కాబట్టి, అన్ని రోజులు బతికిన దోమతోనే ప్రమాదం. ఈ జాతి ఎక్కువగా పశువులనే కుడుతుంది, కానీ ఆవు రక్తంలో వైరస్ దోమకు ఎక్కేంతగా పెరగదు. మీ ఆవుల గురించి భయపడనక్కరలేదు. కొంగల నుంచి వచ్చిన వైరస్ విపరీతంగా పెరిగేది పందిలోనే. చూడి పందులు ఎండిన పిల్లలను ఈనడం ఈ వైరస్ లక్షణమే అయినా పార్వో అనే మరో వైరస్‌లోనూ ఇలాగే జరుగుతుంది. అందుచేత పశువైద్యుని చేత ఆ పంది రక్తాన్ని ఇప్పుడొకసారి, మూడు వారాల తర్వాత మరోసారి తీయించి పరీక్షకు పంపండి. ఇకపై చచ్చిన పిల్లలు పుడితే చేతికి తొడుగులు లేకుండా ముట్టుకోకండి.

దుకాణదారులు 'దోమ మందు' అనగానే రైతు నమ్మి కొనుక్కుపోవడం నేను ఏటా చూస్తున్నాను, బాధగా ఉంటుంది. సైపర్‌మెత్రిన్ వంటి సింథటిక్ పైరిథ్రాయిడ్లు మడిలోని చేపలను, దోమ పిల్లలను తినే తూనీగ పిల్లలను, నీటి పురుగులను చంపుతాయి. ఆ తర్వాత ముందుగా కోలుకునేది దోమే. పైగా వరిలో పైరు రసం పీల్చే సుడిదోమ ఉధృతి పెరిగి పైరు సుడులు సుడులుగా ఎండిపోతుంది. మందు డబ్బులు పెట్టి రెండు దోమలనూ మీరే పెంచుకున్నట్టవుతుంది.

బదులుగా నీటిని అదుపు చేయండి. గుడ్డు నుంచి దోమగా మారడానికి వారం, పది రోజులు పడుతుంది. నాట్లు వేసిన 15 రోజుల తర్వాత నుంచి, వానలు తెరిపి ఇచ్చినప్పుడల్లా, వారానికొకసారి నీరు తీసి మడిని రెండు మూడు రోజులు ఆరనివ్వండి. తర్వాత 5 సెంటీమీటర్ల నీరు పెట్టండి. పూత దశలో మాత్రం ఆరబెట్టవద్దు. యూరియా ఒకేసారి గుమ్మరిస్తే మడిలో దోమ పిల్లలు ఎక్కువవుతాయి కాబట్టి మూడు దఫాలుగా వేయండి.

పందుల పాకను ఇంటికి వీలైనంత దూరం జరిపి, చీకటి పడకముందే దాని చుట్టూ దోమతెర కట్టండి. పిల్లలకు 9 నెలలకు ఒకటి, 16–24 నెలల మధ్య మరొకటి మెదడువాపు టీకా వేయించారో లేదో ఈ వారమే ఆశా కార్యకర్తను అడగండి. 2016లో మీ జిల్లాలో చనిపోయిన పిల్లల్లో కొందరికే ఈ వైరస్ తేలింది, మరికొందరి విషయంలో నిపుణులు కసింద అనే కలుపు మొక్క గింజల విషాన్ని కారణంగా చూపారు. ఆ కాయలు పిల్లల చేతికి అందనివ్వకండి. జ్వరంతో పాటు మూర్ఛ వచ్చినా, మాట తడబడినా, ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.